పాత పిల్లల పేజీలో నేను రాసిన పదకొండు అబద్ధాలు

మేడ్చల్ దగ్గర ఒక కథోలిక హైస్కూల్లో నేను ముప్పై ఒక్క ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పాను. జీతం దానికే ఇచ్చారు. కానీ చుట్టుపక్కల ఊళ్లలో జనం నన్ను గుర్తుపెట్టుకున్నది వేరే పనికి. మా బడి వార్షిక సంచిక చివర ‘మన పాత పిల్లలు’ అని రెండు పేజీలుండేవి. ఎవరు ఏం చదువుతున్నారు, ఎవరికి ఎక్కడ ఉద్యోగమొచ్చింది, ఎవరి పెళ్లయింది, ఎవరు కాలం చేశారు, అన్నీ అందులోనే. ఆ రెండు పేజీలు ఇరవై మూడేళ్లు నేనే నింపాను.

పోయిన వేసవిలో రిటైరయ్యాను. ఆ పని ఇప్పుడు ఇంగ్లిష్ చెప్పే స్వప్న అనే అమ్మాయి చేతికి వచ్చింది. రిజిస్టర్లు అప్పజెబుతుంటే ఆమె నవ్వి, “గిందుల ఏం పనుంటది టీచర్? వాట్సాప్‌ల అడిగితే వాళ్లే పంపిస్తరు గదా” అంది. నాకు చురుక్కుమంది. ఏదో ఒకటి అనబోయి ఊరుకున్నాను. ఎందుకంటే మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. ఆ రోజు చెప్పని జవాబు ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. ప్రమోషన్లూ సన్మానాలూ ఇందులో ఉండవు, నావి పెద్దగా లేవు కూడా.

పని నా నెత్తిన పడిన తీరు

నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది. అంతకు మించి నాకున్న అర్హత ఏమీ లేదు. అప్పటి హెడ్మిస్ట్రెస్ సిస్టర్ ఫిలోమినా కేరళ నుంచి వచ్చిన మఠకన్య. తెలుగు పుస్తకాలు చదివి నేర్చుకున్నందువల్ల ఆమె మాట కూడా పుస్తకంలాగే ఉండేది. ఒకరోజు ప్రార్థన అయ్యాక పిలిచి, ఒక పాత రిజిస్టరు చేతిలో పెట్టి, “సరోజనా, వెళ్లిపోయిన పిల్లలను ఇకమీదట నీవు చూడవలెను” అంది. ఉన్న పిల్లలతోనే వేగలేకపోతున్నానని గొణుక్కుంటూ తీసుకున్నాను.

మా బడిలో క్రైస్తవుల పిల్లలు తక్కువ. శామీర్‌పేట వైపు ఊళ్ల రైతుల పిల్లలు, అక్కడి ముస్లిం కుటుంబాల పిల్లలు, కాలనీలు లేచాక నాగారం వైపు నుంచి కోస్తా ఉద్యోగస్తుల పిల్లలు వచ్చేవాళ్లు. పొద్దున అందరూ ఒకే వరసలో చేతులు జోడించి ప్రార్థన చేసి, ఇంటికెళ్లాక ఎవరి దేవుడికి వాళ్లు దండం పెట్టుకునేవాళ్లు. బడి వదిలాక ఒక్కొక్కరు ఒక్కో దిక్కు. వాళ్ల కబురు పట్టుకోవాలంటే మేడ్చల్ బస్టాండులో నిలబడాలి, పెళ్లిళ్లకు పోవాలి, పరామర్శలకు పోవాలి. పెళ్లిలో నేను అక్షింతలు వేసిందానికంటే పాత పిల్లల్ని వెతుక్కున్నదే ఎక్కువ. “నువ్వు పెండ్లికి వచ్చినవా, హాజరు దీసుకోనీకి వచ్చినవా?” అని మా ఆయన ఏడిపించేవాడు.

ఆ పేజీలు ఎవరు చదువుతారులే అనుకునేరు. పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు చదువుతారు. కొత్తగా బడిలో చేర్పించే తల్లిదండ్రులు గేటు దగ్గరే నిలబడి చదువుతారు. తోటి పిల్లలు ముందు తమ పేరు, తర్వాత తమకు పడనివాళ్ల పేరు వెతుక్కుంటారు. ఒక్క వాక్యం అచ్చులో పడితే అది ఊళ్లో తిరుగుతుంది, దాన్ని మళ్లీ వెనక్కి పిలవలేం.

సిస్టర్‌కు ఒకటే పట్టింపు. నేను రాసిన ప్రతి వార్త మీదా వేలు పెట్టి అడిగేది. “ఇది బిడ్డ చెప్పినదా? నీవు చెవితో వింటివా?” వాళ్ల నాన్న చెప్పాడనో, మేనమామ చెప్పాడనో అంటే ఎర్ర సిరా గీత పడేది. “అమ్మానాన్నలు తమ ఆశను చెప్పెదరు. మనకు వార్త కావలెను” అనేది. ఒక వార్త కోసం నన్ను దేవరయాంజాల్ దాకా ఆటోలో పంపించి, పిల్లవాడితో మాట్లాడించి తెప్పించిన మనిషి ఆమె. ఆ ఎండలో ఆమెను మనసారా తిట్టుకున్నాను. ఇప్పుడైతే ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకుంటాను.

గడ్డి ఖాజా

సిస్టర్ ఉన్న రోజుల్లోనే ఒకసారి ఆమె కన్నుగప్పాను. ఖాజా అని శామీర్‌పేట అవతలి ఊరి పిల్లవాడు, పదో తరగతి అంతంతమాత్రంగా గట్టెక్కినవాడు. వాళ్ల తాతలది ద్రాక్షతోట. తోట పోయాక ఖాజా నాలుగెకరాలు కౌలుకు తీసుకుని పచ్చిక పెంచి, చాపల్లా చుట్టి ఫంక్షన్ హాళ్లకూ వెంచర్లకూ అమ్మేవాడు. ఆ ముక్క అతనే చెప్పాడు, నేను చెవితోనే విన్నాను. కానీ పక్క పేరు ఒక ఇంజనీరుది. దాని పక్కన గడ్డి అని రాయడానికి నాకు మనసొప్పక, ‘హరిత వ్యాపారరంగంలో యువ పారిశ్రామికవేత్త’ అని రాశాను.

సంచిక వచ్చిన వారానికే ఖాజా బడికొచ్చాడు. నవ్వుతూనే ఉన్నాడు, చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

“టీచర్, గీ పారిశ్రామికవేత్త ఎవరు? మా ఊర్ల పోరగాండ్లు నన్ను మస్తు పరేషాన్ జేస్తుండ్రు. సేటు వస్తుండు, కుర్చీ ఎయ్యుండ్రి అంటుండ్రు.”

“నీకు మర్యాదగ ఉంటదని రాసిన నాయినా.”

“గడ్డి అమ్ముత. గడ్డి అమ్ముతనని రాస్తే నాలుగు ఆర్డర్లన్న వస్తుండె. గిది జూసి ఎవడొస్తడు?”

నాలుక్కరుచుకున్నాను. మరుసటి ఏడు ‘ఖాజా పచ్చిక పెంచి అమ్ముతున్నాడు, కావలసినవారు అడగవచ్చు’ అని రాస్తే, మిఠాయి డబ్బా పట్టుకుని మరీ వచ్చాడు. చేసే పని చెప్పుకోవడానికి ఖాజాకు సిగ్గు లేదు, రాయడానికి నేనే సిగ్గుపడ్డాను. గోరంతను కొండంత చేస్తే మనిషికి గౌరవం పెరుగుతుందనుకోవడం మనలాంటి పంతుళ్లకే ఉండే జబ్బు. ఈ సంగతి అప్పుడే ఒంటబట్టి ఉంటే ఇకముందు రాయబోయేది రాయాల్సి వచ్చేది కాదు.

ఫాదర్ జోజి గారి కాలం

సిస్టర్‌కు బదిలీ అయి ఫాదర్ జోజి ప్రిన్సిపాల్‌గా వచ్చారు. ఆయన్ని చెడ్డవాడంటే నా కళ్లు పోతాయి. పిల్లలు తాగే నీళ్ల ట్యాంకు తనే నిచ్చెనెక్కి చూసుకునేవారు. కానీ అప్పటికి రోడ్డు పొడుగునా కొత్త బడులు లేచాయి, మా దగ్గర చేరేవాళ్లు తగ్గుతున్నారు. ఆ దిగులుతో ఆయన మా పేజీలను చూశారు. ‘మన పాత పిల్లలు’ కాస్తా ‘మన విజేతలు’ అయింది. రంగుల కాగితం, ఫోటోలు. డాక్టర్లు, ఇంజనీర్లు, ఆఫీసర్లు పైకి వచ్చారు. మెకానిక్కులు, టైలర్లు, గడ్డి ఖాజాలు కిందికి జారి, ఒక ఏడు మొత్తానికే కనబడకుండా పోయారు.

నేను అడ్డు చెప్పానా? లేదు. నిజం చెప్పాలంటే నాకు బాగా అనిపించింది. రంగుల పేజీలో కింద చిన్న అక్షరాల్లో ‘సేకరణ: సరోజన టీచర్’ అని ఉండేది. దాన్ని మా ఇంటికొచ్చినవాళ్లందరికీ చూపించాను.

ఇంకో చెడ్డ అలవాటు కూడా అప్పుడే అబ్బింది. రంగుల అచ్చు కాబట్టి ప్రెస్సువాళ్లు రెండు నెలల ముందే మ్యాటర్ అడిగేవాళ్లు. ఎర్ర సిరాతో గీత పెట్టే సిస్టర్ లేదు. కిందటేడు మెడిసిన్‌లో చేరిన పిల్ల ఈ ఏడు రెండో సంవత్సరంలో ఉంటుంది, అందులో అడిగేదేముంది? అలా కబురు రాకముందే వార్త రాసి ప్రెస్సుకు పంపేసేదాన్ని. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, అచ్చంగా అదే నా పద్ధతి.

ప్రసాదరావు గారి తెల్ల కాగితం

మాధురి మా బడికి పదో తరగతిలో మొదటి స్థానం తెచ్చిన పిల్ల. వాళ్ల నాన్న ప్రసాదరావు గారిది తెనాలి వైపు, ఇక్కడ ఒక బీమా ఆఫీసులో ఉద్యోగం. నాగారంలో ఇల్లు కట్టుకున్నారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మడత పడని తెల్ల కాగితం. ఆ కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో కూతురి వార్త రాసుకొచ్చి, రెండు చేతులతో ఇచ్చేవారు. పదిలో ర్యాంకు, ఇంటర్‌లో మార్కులు, కోస్తాలో ఒక వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ సీటు. మొదటి మూడేళ్లు మూడు కాగితాలు. మూడూ నిజమే, సిస్టర్ మాధురితో మాట్లాడించాకే అచ్చయ్యాయి.

నాలుగో ఏడు సిస్టర్ లేదు. ఆ ఏడు ప్రసాదరావు గారు వచ్చినప్పుడు నేను స్టాఫ్‌రూంలో ప్రూఫులు దిద్దుతున్నాను. తలెత్తి చూసి నా ధోరణిలో నేను అడిగేశాను. “రండి రండి ప్రసాదరావు గారూ, డాక్టరమ్మ రెండో సంవత్సరం కూడా ఫస్ట్ క్లాసేనా? రాసేసిన, అచ్చు కూడా అయింది. చూడుండ్రి.” ప్రూఫు ఆయన ముందు పెట్టాను. ఫోటో కింద మాధురి పేరు. ఆయన చాలాసేపు దానికేసి చూశారు. మిగతా టీచర్లు కూడా అభినందనలు చెప్పారు. “చాలా బాగుందండీ” అని లేచి వెళ్లిపోయారు. చేతిలో కాగితం లేదన్న సంగతి నేను గమనించనే లేదు.

మరుసటి ఏటి నుంచి కాగితం మళ్లీ రావడం మొదలైంది. మూడో సంవత్సరం, చివరి సంవత్సరం, హౌస్ సర్జన్, పిల్లల వైద్యంలో పీజీ, విశాఖలో ఆసుపత్రి. ఏటా ఒక వార్త. ఆ ప్రూఫులోని రెండో సంవత్సరం వార్తతో కలిపి పదకొండు. ప్రతిదానికీ నేనో విశేషణం తగిలించాను. ఒక్కసారి కూడా మాధురితో మాట్లాడలేదు. ఫోన్ నంబరు అడిగితే ఆయన తన నంబరే ఇచ్చేవారు. డాక్టర్లకు తీరికుండదు గదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మాధురి వచ్చిన రోజు

నేను రిటైరవబోయే ఏడు, బడి పండుగకు పాత విద్యార్థుల్లో ఒకరిని ముఖ్య అతిథిగా పిలవాలని ఫాదర్ జోజి అనుకున్నారు. పదకొండేళ్ల సంచికలు ముందేసుకుని, వేలితో చూపించారు. “ఈ అమ్మాయి. డాక్టర్ మాధురి.” నాకు గర్వంగా అనిపించింది. ప్రసాదరావు గారికి ఫోన్ చేస్తే, కనుక్కుని చెబుతానన్నారు. రెండోసారి చేస్తే, డ్యూటీలు కుదరకపోవచ్చన్నారు. మూడోసారి ఎత్తలేదు. ఈలోపు ఫాదర్ ఆహ్వాన పత్రాలు అచ్చువేయించేశారు. ఒకటి ఎవరో ఫోటో తీసి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు.

రెండు రోజులు పోయాక, మధ్యాహ్నం భోజనాల వేళ, ఒకామె స్టాఫ్‌రూం గుమ్మంలో నిలబడింది. నూలు చీర, మెడలో కంపెనీ గుర్తింపు కార్డు. నవ్వితే గుర్తుపట్టాను.

“మాధురీ! వైజాగ్ నుంచి ఎప్పుడొచ్చినవ్ బిడ్డా?”

“జీడిమెట్ల నుంచి వచ్చాను టీచర్. ఆరేళ్లుగా అక్కడే ఉంటున్నాను.”

బయటికి తీసుకెళ్లి, మరియమాత విగ్రహం ఉన్న గుహ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టాను. ఏడవలేదు, గొంతు పెంచలేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. రెండో ఏడు సగంలో మెడిసిన్ వదిలేసి వచ్చేసింది. చదవలేక కాదు, ఆ పని తనది కాదనిపించి. తిండి సహించక, నిద్ర పట్టక, నాలుగు నెలలు ఇంట్లోంచి కదల్లేదు. తర్వాత ఇక్కడే డిగ్రీలో చేరి మైక్రోబయాలజీ చదివింది, ఎమ్మెస్సీ చేసింది. ఇప్పుడు ఇంజక్షన్లు తయారుచేసే ఒక కంపెనీలో ల్యాబ్ చూసుకుంటోంది. కింద ఎనిమిది మంది పనిచేస్తారు.

“మరి మీ నాయిన గిన్నేండ్లు...”

“ఆ ఏడు నాన్న మీకు చెబుదామనే వచ్చారు టీచర్. నేను మానేశానని, నా పేరు రాయొద్దని. మీరు అప్పటికే రాసేశారట. అందరూ కంగ్రాట్స్ చెప్పారట. ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.”

పదకొండు అబద్ధాలలో మొదటిది ఆయన రాయలేదు. అది నాది.

మాధురి తన తప్పు కూడా దాచలేదు. మూడేళ్ల తర్వాత ఒక స్నేహితురాలు సంచిక చూసి అభినందిస్తే తెలిసిందట. నాన్నను అడిగితే, “ఇంకొక్క ఏడాది, నెమ్మదిగా ఆపేద్దాం” అన్నారట. ఊరుకుంది. కాలనీలో ఆయన్ని అందరూ డాక్టర్ గారి నాన్న అంటారు, అది పోతే మనిషి ఏమవుతాడోనని భయం. అప్పటి నుంచి స్నేహితుల గ్రూపుల్లో లేదు, పెళ్లిళ్లకు పోలేదు. ఈ ఆహ్వాన పత్రం కూడా ఆ స్నేహితురాలే పంపిందట. “ఇటువైపు పనిబడి వచ్చినా, మేడ్చల్ బస్టాండులో మీరుంటారని ఒక స్టాపు ముందే దిగిపోయేదాన్ని టీచర్” అంది. పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న పిల్లను నేను విశాఖలో పెట్టి ఊరేగించాను.

“అమ్మ ఆదివారాలు కూర డబ్బా పట్టుకుని నా గదికి వస్తుంది. నాన్న ఆమెతో మా వీధి బస్టాపు దాకా వచ్చి అక్కడే ఆగిపోతారు. నేనేం చేస్తానో ఇప్పటిదాకా ఆయన అడగలేదు.”

“నన్నేం జెయ్యమంటవ్ చెప్పు.”

“నేను స్టేజీ ఎక్కను. కానీ నా పేరు తీసెయ్యకండి టీచర్. నేను చేసేదే రాయండి. దాక్కుని దాక్కుని విసుగొచ్చింది. నాన్నను మాత్రం అబద్ధాలకోరు చేయకండి.”

ఆ పిల్ల అడిగింది ఇంతే. రెండూ ఒకేసారి ఎలా చేయాలో నాకు తెలియలేదు.

ఫాదర్ జోజితో చెబితే తల పట్టుకున్నారు. “ఒక్క పూటే కదా టీచర్, రానివ్వండి. ఎవరడుగుతారు? కార్డులు అచ్చయిపోయాయి” అన్నారు. ముప్పై ఏళ్లలో ఏ ప్రిన్సిపాల్ ముందూ నేను గొంతు పెంచలేదు. ఆ రోజు పెంచాను. “ఫాదర్, అచ్చయిపోయింది గదా అనే మాట పదకొండేళ్ల కింద నేను అన్న. ఆ మాట ఆ పిల్లని ఎక్కడికి తెచ్చిందో మీకు ఇప్పుడే చెప్పిన.” ఆయన చేతిలోని కార్డు బల్ల మీద బోర్లా పెట్టి, మళ్లీ వేయిస్తానన్నారు. మనిషికి చెప్పే విధంగా చెబితే వినేవారు. అన్నేళ్లూ చెప్పకపోవడం నా పిరికితనం.

నాగారంలో

ప్రసాదరావు గారింటికి ఒక్కదాన్నే పోయాను. ఆయన వరండాలో మొక్కలకు నీళ్లు పోస్తున్నారు. గోడవతల నుంచి ఎవరో, “డాక్టర్ గారి నాన్నగారూ, మోటరు మీరే వేశారా?” అని అడిగారు. ఆయన ఊఁ అన్నారు, నా వైపు చూడలేదు.

ఆ ఏటి సంచికలో వేయడానికి దిద్దుబాటు రాసుకెళ్లాను. ‘గత సంచికల్లో మాధురి గురించి వచ్చిన వార్తలు సరైనవి కావు. ఆమెను అడగకుండా నేనే రాశాను. తప్పు పూర్తిగా నాది. మాధురి జీడిమెట్లలో మందుల కంపెనీలో ల్యాబ్ అధికారిణిగా పనిచేస్తోంది. సరోజన టీచర్.’

ఆయన రెండుసార్లు చదివారు. “ఆ రోజు చెబుదామనే వచ్చానండి. మీరంత సంబరంగా అడిగేసరికి నోరు పెగల్లేదు. ఆ తర్వాత ఆపడం చేతకాలేదు.”

“క్షమించుండ్రి. నేను అడిగి ఉండాలె.”

“ఒక్కటి చేసి పెట్టండి టీచర్ గారూ. ఈ ఏడుకి అసలు అమ్మాయి పేరే వేయకండి. నెమ్మదిగా అందరూ మర్చిపోతారు. ఈ కాలనీలో తలెత్తుకు తిరగాలి కదండీ నేను.”

జాలేసింది. ఆయన చొక్కా ఇస్త్రీ ఎప్పటిలా గట్టిగానే ఉంది. సరేననాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆ మాట అంటే మళ్లీ తండ్రి చెప్పిందే రాసినట్టవుతుంది.

“ప్రసాదరావు గారూ, పేజీ పిల్లలది. మీది కాదు, నాది కాదు. మీ అమ్మాయి వెయ్యమన్నది. నేను వేస్త.”

ఆయన కాగితం మడతపెట్టి నా చేతికిచ్చారు. “అయితే నేను పండుగకు రానండి” అని లోపలికి వెళ్లిపోయారు. లోపల ఆయన భార్య టీ పెడుతోంది. తాగకుండానే వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక, కూతురిని నిలబెట్టబోయి తండ్రిని పడగొట్టానేమో అనిపించింది. ఈ పనిలో తప్పు దిద్దుకోవడం కూడా ఎవరికో ఒకరికి తగులుతుంది. చేతులు కడుక్కుని పోయే దారి లేదు.

బడి పండుగ

బడి పండుగ రోజు పూజ అయ్యాక భోజనాలు, భోజనాలయ్యాక పాత పిల్లలందరూ హాల్లో కూర్చుంటారు. మైకు చేతులు మారుతుంది. ఎవరి గురించి వాళ్లే లేచి, పేరు, బ్యాచ్, చేసే పని చెప్పి పక్కవాళ్లకు మైకు ఇవ్వాలి. ఆ ఏడు ఖాజా కూడా లేచి, “గడ్డి అమ్ముత” అని చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. సంచిక అప్పటికే అందరి చేతుల్లో ఉంది, కానీ ఇంకా ఎవరూ చివరి పేజీ దాకా పోలేదు.

మైకు నాలుగో వరుసకు వచ్చింది. మాధురి లేచింది.

“నా పేరు మాధురి. జీడిమెట్లలో ఇంజక్షన్ల కంపెనీ ల్యాబ్‌లో పని చేస్తున్నాను. డాక్టర్ని కాదు.”

హాలంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది. ఎవరో, “బుక్కుల డాక్టరని ఉంటుండె గదా?” అన్నారు, మరీ నెమ్మదిగా ఏమీ కాదు. ఇంకెవరో పేజీలు తిప్పి దిద్దుబాటు పైకి చదివారు. తప్పు పూర్తిగా నాది అన్న వాక్యం దగ్గర తలలన్నీ నా వైపు తిరిగాయి. నేను సిద్ధపడే వచ్చాను. చెప్పడానికి లేచి నిలబడ్డాను.

“ఆగండి టీచర్ గారూ.”

వెనక తలుపు దగ్గర ప్రసాదరావు గారు. ఎప్పుడొచ్చారో తెలియదు. వరుసల మధ్య నుంచి నడిచొచ్చి కూతురి చేతిలోంచి మైకు తీసుకున్నారు. దాన్ని నోటికి ఎంత దూరంలో పట్టుకోవాలో తెలియక, మరీ దగ్గరగా పట్టుకున్నారు.

“నా పేరు ప్రసాదరావండి. ఈ పుస్తకంలో టీచర్ గారు రాసింది కూడా నిజం కాదు. ఆవిడ ఒక్కసారే పొరబడ్డారు. మిగతా పదేళ్లూ కాగితం రాసిచ్చింది నేను. మా అమ్మాయి ఇంటికొచ్చేసిన రోజు ఎవరైనా నన్ను అడిగితే ఏం చెప్పాలో తెలీలేదండి. డాక్టరని చెప్పడం సులువనిపించింది. మా అమ్మాయి ఏ తప్పూ చేయలేదు. అంతేనండి.”

మైకు ఎవరికివ్వాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డారు. మాధురి అందుకుని పక్కనున్న పిల్లకు ఇచ్చింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ నవ్వలేదు. నేను కూర్చుని చీర కొంగుతో మొహం తుడుచుకున్నాను. సిగ్గూ వేసింది, బరువూ దిగింది. నా చేత్తో రాసిన ఆఖరి వార్త కూడా దిద్దుబాటు కావలసినదే అయింది. స్వప్నా, వచ్చే సంచికలో అది నువ్వే వెయ్యాలి. వేసేముందు ఇద్దరినీ అడుగు, వేరువేరుగా.

సాయంత్రం అందరూ వెళ్లిపోతుంటే, నేను కూడా బస్సు కోసం గేటు బయట స్టాపులో నిలబడ్డాను. తండ్రీకూతుళ్లు నాకు నాలుగడుగుల దూరంలో, సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. ఆయన చెప్పులకంటిన మట్టి గీక్కుంటున్నారు. ఆ తర్వాత తల ఎత్తకుండానే అడిగారు.

“ఇంతకీ, అక్కడ నువ్వు చేసేదేంటమ్మా?”

మాధురి ఆయన వైపు తిరిగింది. గాజు పళ్లేల గురించి చెప్పింది. ఇంజక్షన్ నింపే గదిలో గాలి, నీళ్లు, పనివాళ్ల చేతి తొడుగుల మీది అంటు, అన్నీ ఆ పళ్లేలలో పట్టి, వెచ్చగా దాచి, రోజులు లెక్కపెట్టి చూస్తారట. ఒక్క సూక్ష్మజీవి మొలిచినా కనిపెట్టాలట. ఆయన మధ్యలో అడ్డొచ్చి, ఎన్ని రోజులు, ఎంత వేడిలో అని అడుగుతున్నారు. నాగారం పోయే బస్సు వచ్చి ఆగింది. ఇద్దరూ చూశారు, లేవలేదు. అది వెళ్లిపోయింది.

“అయితే నువ్వు సంతకం పెట్టకపోతే?”

“ఆ మందు గేటు దాటదు నాన్నా.”

“మీ పెద్ద మేనేజరు చెప్పినా?”

“ఎవరు చెప్పినా.”

ప్రసాదరావు గారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. “మళ్లీ మొదట్నుంచి చెప్పు” అన్నారు. ఇంకో బస్సు వచ్చింది. దాన్ని నేను ఎక్కాను. వాళ్లు ఎక్కలేదు.